రెండో కాలి అంచు

“కదలకు. కదిలితే గుచ్చుకునేది నీకే,” అంది అక్క, పెదవుల మధ్య గుండుసూదులు బిగించుకునే.

మాస్టారు పీట మీద కదలకుండా నిలబడ్డాడు. యాభై దాటిన మనిషి. చేతిలో పాఠ్యపుస్తకం, ఒంటి మీద బూడిదరంగు ప్యాంటు. దాని అంచులు మడమల కింద నలిగి నలిగి పీచు తేలాయి. అక్క నేల మీద చతికిలబడి సుద్దముక్కతో కాలి చుట్టూ గీత గీస్తోంది. మాస్టారు ఆ రోజు చెప్పాల్సిన ఫ్రెంచి పాఠం గొణుక్కుంటున్నాడు. నూ పార్లోఁ, మనం మాట్లాడతాం. చివరి ‘ఓఁ’ తీసెయ్. ‘ఎ’ తగిలించు. జ పార్లె, నేను మాట్లాడేవాణ్ణి.

గడిచిపోయిన అలవాట్లను ఫ్రెంచి క్రియలో చెప్పే ఆ పద్ధతి ఆయనకు అక్క దగ్గరే పట్టుబడింది. అరిగిన అంచు తెంచెయ్, అసలు గుడ్డ జోలికి పోకు, కొత్త పట్టీ వెయ్. ‘మనం’ రూపం తీసుకో, చివరి ‘ఓఁ’ కత్తిరించు, కొత్త తోక అతికించు. వీధి మొగలో మేడ మీదున్న ట్యూషన్ సెంటర్‌లో ఇన్నేళ్లుగా ఆయన చెబుతున్నది ఒకరకంగా దర్జీపనే.

అయితే ఆ పాఠంలోకి అక్క రాకూడదు. అది ఆమె పెట్టిన షరతు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ‘మా అక్క పాటలు పాడేది’ అన్న వాక్యం రాసుకొచ్చి మురిపెంగా వినిపించాడు. ఆమె మిషన్ ఆపింది. “పాడేది ఏంట్రా? ఇప్పుడు పాడట్లేదా? నేను బతికుండగా నన్ను ఆ ‘ఏది’లో పెట్టావంటే ఊరుకోను,” అంది.

అప్పట్నుంచి ఉదాహరణల భారమంతా పోయిన మావయ్య మీద పడింది. మావయ్య చేపలు పట్టేవాడు. మావయ్య చుట్టలు అమ్మేవాడు. మావయ్య రైలు కోసం ఎదురుచూసేవాడు. నిజానికి ఆయన మంచం దిగి చేసిన పని ఒక్కటీ లేదు, రైలెక్కిన పాపానా పోలేదు. బతికుండగా తప్పించుకున్న చాకిరీ అంతా పోయాక చేస్తున్నాడని అక్క నవ్వేది.

ఆ నవ్వు ఈ మధ్య సగంలోనే ఆయాసంగా మారుతోంది. గుండె బలహీనపడిందన్నారు డాక్టర్లు. మిషన్ తొక్కొద్దన్నారు. ఆపరేషన్ చెయ్యాలి, వచ్చి చేరమన్నారు. ఆమె మిషన్ మాని చేత్తో కుట్టడం మొదలెట్టింది. చేరడం మాత్రం ఈ గౌను అవనీ, ఆ పరదాలు అవనీ అంటూ జరుపుకుంటూ వస్తోంది. ఆ పొద్దున ఆసుపత్రివాళ్లు ఫోన్ చేశారు. పడక ఖాళీ అయింది.

“మధ్యాహ్నమే పోదాం అక్కా.”

“ఈ ప్యాంటు అవనీ.”

“ప్యాంటుదేముంది?”

“ఈ పీచులేసుకుని నువ్వు నా పక్కన నిలబడితే, నన్నొదిలేసి నిన్ను చేర్చుకుంటారు. రేపు పొద్దున పోదాం. ఒట్టు.”

అక్క నోట ఒట్టు అన్న మాట ఆయన అంతవరకూ వినలేదు. అందుకే నమ్మాడు. పడక రేపటిదాకా ఉంచమని బతిమాలి ఒప్పించి, ఇంకో పాత ప్యాంటు తగిలించుకుని బయల్దేరాడు.

క్లాసులో ఎప్పటి తప్పే. ‘ముగించు’ అనే క్రియ దగ్గర హోటల్ వంటాయన తడబడ్డాడు. ఫినిసోఁలో ‘ఓఁ’ ఒక్కటే తీసి ఫినిసె అనాల్సింది, ‘ఫినె’ అన్నాడు.

“కత్తెర లోపలికి పోయింది. గుడ్డ తెగింది,” అన్నాడు మాస్టారు. వంటాయన తనది కూరలు తరిగే చెయ్యని, కాస్త ఎక్కువే తెగుతుందని అన్నాడు. అందరూ నవ్వారు.

తర్వాత నర్సు లేచింది. విదేశంలో ఉద్యోగం కోసం నేర్చుకుంటోంది. ఆమె వాక్యం ఒక్క పొల్లు పోకుండా ఉంది: మాస్టారి అక్క నా యూనిఫాంలు బాగుచేసేది.

మాస్టారు బోర్డు వైపు తిరిగిపోయాడు. “వర్తమానంలో చెప్పండి. బాగుచేస్తుంది.”

“ఆ యూనిఫాంలు పోయినేడే మార్చేశారు సార్. ఇప్పుడు చెయ్యట్లేదుగా.”

“వ్యాకరణం మీ పక్షమే అమ్మా. అయినా మార్చండి.”

ఆమె మార్చింది. మిగతా గంటంతా మావయ్య చుట్టలు అమ్ముతూ గడిపాడు.

సాయంత్రం ఇంటి తలుపు ఓరగా తీసి ఉంది. అక్క కిటికీ దగ్గర కుర్చీలో వెనక్కి వాలి ఉంది. కళ్లజోడు ముక్కు చివరికి జారింది. అలసి కునుకు తీస్తోందనుకున్నాడు. చెప్పులు చప్పుడు కాకుండా విడిచి, టీ కాచి, ఒక కప్పు ఆమె పక్కన పెట్టాడు. తన కప్పు తాగుతూ, రేపు ఆసుపత్రికి పట్టుకెళ్లాల్సిన రెండు చీరలూ దువ్వెనా సంచిలో సర్దాడు. ఆమె కప్పులో టీ మీద మీగడ తెట్టు కట్టింది. అప్పుడు పిలిచాడు. మళ్లీ పిలిచాడు. చెయ్యి పట్టుకున్నాడు.

అతని కేక విని ఎదురింటావిడ పరుగున వచ్చింది. నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. కళ్లజోడు తీసి మడిచి ఒడిలో పెట్టింది.

“మధ్యాహ్నం కూడా కిటికీలోంచి పలకరించింది,” అంది ఆవిడ. “‘వాడొచ్చేలోగా రెండో కాలు కూడా అయిపోవాలి, మాటిచ్చాను’ అంది. ఏం మనిషండీ. ఇక్కడ కూర్చునే వీధంతటినీ పలకరించేది. ఏడుస్తూ వచ్చినవాళ్లని కూడా నవ్వించేది.”

మాస్టారు తలెత్తాడు. ఆవిడ వాక్యాన్ని సరిదిద్దుతాడన్నట్టు పెదవులు కదిలాయి. పీట కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

“నాకోసం ఎదురుచూసేది,” అన్నాడు.

కుర్చీ చేతి మీద బూడిదరంగు ప్యాంటు వేలాడుతోంది. ఒక కాలి అంచు ఎక్కడ కుట్టిందో తెలియనంత సన్నంగా ముగిసింది. రెండో కాలికి సుద్దగీత సగందాకా కుట్టు పడింది, అక్కడ సూది గుచ్చి ఉంది, దాని దారం ఇంకా చాలా పొడుగ్గా మిగిలి నేలదాకా జారింది.