చూసిన ఊళ్ళు

ఉల్లిపాయల వాసన.

తెల్లారగట్ల లారీలు దిగుతుంటే లేచే వాసన... ఘాటుగా, తడి గోనెసంచుల వాసనతో కలిసి, మార్కెట్ వెనక వీధి మొత్తాన్ని పట్టేసే వాసన.

తాడేపల్లిగూడెంలో, బావగారింట్లో, ఆ వాసనకి చంద్రావతికి మెలకువ రావడం అది పంతొమ్మిదో రోజు.

వీసా ముప్ఫై రోజులు.

పుట్టింది కొల్లేటికోటలో. ఇరవై ఆరేళ్ళు కొల్లేరు నీళ్ళ పక్కనే. ఆ తర్వాత నర్సు ఉద్యోగం, న్యూజిలాండ్, అక్కడి పౌరసత్వం. అది వచ్చాక పాత ఇండియా పాస్‌పోర్టు మూల కత్తిరించి చేతికిచ్చారు. ఇల్లు మారినప్పుడు అదీ పోయింది. అది లేక, ఎప్పుడంటే అప్పుడు వచ్చిపోయే కార్డూ రాలేదు.

అక్క పేరు రత్నమాణిక్యం. రెండు కిడ్నీలూ చెడిపోయాయి. వారానికి మూడుసార్లు ఏలూరులో డయాలసిస్. రోజుకి రెండు గ్లాసుల నీళ్ళే తాగాలి.

కొల్లేట్లో పుట్టిన మనిషికి — రెండు గ్లాసులు.

అక్క అడగలేదు. ఉల్లిపాయల వ్యాపారం చేసే బావ శ్రీరంగనాయకులూ అడగలేదు. చంద్రావతే ఫోన్ చేసింది.

"నాది ఇస్తానక్కా. వచ్చేస్తున్నాను."

మూడు రోజుల్లో చేతికొచ్చే వీసా ఏదో చూసుకుంది. అదే తీసుకుంది. వచ్చేసింది.

విజయవాడ ఆసుపత్రిలో పరీక్షలు. సూదులు. స్కానింగులు. ఎదురుచూపులు... మళ్ళీ సూదులు.

అన్నీ కలిశాయి.

"ఇంత బాగా కలవడం అరుదండీ," అంది నిస్సీ. ఆపరేషన్ కాగితాలు చూసే అమ్మాయి. నవ్వుతూనే పాస్‌పోర్టు తెరిచింది. ఒక పేజీ దగ్గర ఆ నవ్వు ఆగిపోయింది.

"టూరిస్టు వీసా మీద వచ్చారాండీ?"

"తొందరగా వచ్చేది అదేనమ్మా."

"దీనిమీద ఆపరేషన్ కుదరదండీ. ఇక్కడ మార్చడానికీ ఉండదు. వెనక్కి వెళ్ళి మెడికల్ వీసా మీద రావాలండీ. మీరిద్దరూ సొంత అక్కాచెల్లెళ్ళని మీ రాయబార కార్యాలయం కాగితం ఇవ్వాలి. ఆ తర్వాత అనుమతిచ్చే కమిటీ ముందుకి..."

"నేను ఇక్కడే పుట్టానమ్మా."

"తెలుసండీ," అంది నిస్సీ, చాలా మెల్లగా.

తెలుసు. అందరికీ తెలుసు. తెలియాల్సింది కాగితానికి.

మిగిలిన రోజులన్నీ ఆ కాగితానికి కావలసిన రుజువుల వెంటే.

బస్సు. ఆటో. కైకలూరు. చేపల చెరువుల మధ్య గతుకుల రోడ్డు. కొల్లేటికోట బడి. బూజు పట్టిన రిజిస్టరు. అందులో రత్నమాణిక్యం ఉంది. దాని కింద చంద్రావతి లేదు.

చంద్రమ్మ ఉంది.

ఇంట్లో పిలిచే పేరే పంతులుగారు రాసేసుకున్నారు.

"ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్టు పెట్టుకోండమ్మా," అన్నాడు గుమాస్తా వీర్రాజు. "ఇలాంటివి మాకు మామూలేనండీ."

ఏలూరు కోర్టు ఎదుట, టైపు మిషను పక్కన బల్ల మీద కూర్చుని సంతకం పెట్టింది. చంద్రమ్మ, చంద్రావతి ఒకే మనిషి అని. రెండు చోట్ల పెట్టింది. మూడో చోట పెడుతుంటే చెయ్యి ఆగింది.

ఏ పేరుతో పెట్టాలో ఒక్క క్షణం తోచలేదు.

అంత అలసట.

ఇరవై ఏడో రోజు. డయాలసిస్ గది. గొట్టాల్లో అక్క రక్తం బయటికి వెళ్తోంది... తిరిగి వస్తోంది.

"ఇక రావద్దే చంద్రా. ఎన్నిసార్లు తిరుగుతావు?"

"అలా అనకక్కా."

"నీ కాళ్ళు చూసుకున్నావా? ఎలా వాచిపోయాయో."

మంచం మీదున్నది అక్క. కాళ్ళు చూసింది చెల్లెలివి.

చంద్రావతి లేచి బయట వరండాలోకి వెళ్ళింది. ఏడవడానికే వెళ్ళింది. ఏడుపు రాలేదు. గోడకి ఆనుకుని, నిలబడే కాసేపు కునుకు తీసింది.

ఏలూరు స్టేషన్లో బావగారు పెట్టె ఎక్కించారు.

"నెలలో వచ్చేస్తానండీ బావగారూ."

లారీ ఎప్పటికొస్తుందో తెలియనప్పుడు ఊపినట్టు తల ఊపారాయన.

"నువ్వు ఇస్తానన్నావు, అదే చాలమ్మా. మీ అక్క ఆ రోజు..." అంటూ ఆగిపోయారు. రైలు కదిలింది.

న్యూజిలాండ్‌లో చలి. వంటింటి బల్ల. కంప్యూటర్లో మెడికల్ వీసా దరఖాస్తు.

ఇంతకుముందు భారతదేశాన్ని సందర్శించారా?

అవును.

చూసిన ఊళ్ళు రాయండి.

చంద్రావతి కుర్చీ దగ్గరికి జరుపుకుంది. తర్వాత ఒక్కొక్కటే రాసింది. కొల్లేటికోట. కైకలూరు. ఏలూరు. తాడేపల్లిగూడెం. విజయవాడ.

గడిలో ఇంకా చోటు మిగిలింది.

పంపేసి అక్కకి ఫోన్ చేసింది. తెర మీద డయాలసిస్ గది, దిండు, అక్క మొహం... ఇదివరకటి కంటే నల్లగా.

"పంపావా?"

"ఇప్పుడేనక్కా. చూసిన ఊళ్ళు రాయమన్నారు. కొల్లేటికోట అని రాశాను."

అక్క నవ్వింది. నవ్వడానికీ ఓపిక చాలక మధ్యలో ఆగి, మళ్ళీ నవ్వింది.

"ఎలా ఉందటే మా ఊరు?"

"బాగుందక్కా. మళ్ళీ రమ్మన్నారు."

"ఎప్పుడు?"

చంద్రావతి కంప్యూటరు వైపు చూసింది.

దరఖాస్తు — పరిశీలనలో ఉంది.