సెల్లార్‌లో బాలింత

మా అపార్ట్‌మెంట్ల సంఘానికి నరసింహమూర్తిగారు అధ్యక్షులు. ఇంజనీరుగా రిటైరయ్యారు. మనిషి ఎదురుపడితే నమస్కారం కన్నా ముందు సలహా పారేస్తారు. అయినా ఆయన మీద నాకు ఇదివరకెప్పుడూ కోపం లేదు. ఇప్పుడుంది. చచ్చేదాకా ఉంటుంది.

నల్లగండ్లలో ఉన్న మా అపార్ట్‌మెంట్లలో, సెల్లార్ పైనే ఉన్న క్లబ్‌హౌస్ గోడలకు టేకు పలకలు వేయించారు. వాటికి చెద పట్టింది. ఇక మూర్తిగారికి నిద్ర పట్టలేదు. ఇప్పుడు దొరికే మందులు నాలుగైదేళ్ళకు మించి ఆగవని కంపెనీవాళ్ళు చెప్తే ఆయనకు ఆనలేదు. ఎక్కడెక్కడో వెతికి, పాత మందు దాచుకున్నవాణ్ణి ఒకణ్ణి పట్టుకొచ్చారు.

"ఇప్పుడు బయట అమ్మట్లేదండీ పుణ్యవతిగారూ! మన రోజుల్లో మందు. ఒకసారి పోశామంటే పదేళ్ళు భూమిలోంచి కదలదు" అని లిఫ్టులో నాతో గొప్పలు పోయారు.

"ఎందుకమ్మట్లేదండీ మరి?" అన్నాను. ఆయన ఫ్లోరు వచ్చింది, దిగిపోయారు.

మర్నాడు వాట్సాప్ గ్రూపులో కబురు పెట్టారు. శనివారం సెల్లార్ గోడ పొడవునా రంధ్రాలు వేసి మందు పోస్తారు, పిల్లల్నీ కుక్కల్నీ కిందికి పంపకండి, కార్లు బయట పెట్టుకోండి అని. కుక్కల్ని కూడా మర్చిపోలేదు, చూశారా! సెల్లార్‌లో కాపురం ఉంటున్న మనుషులు మాత్రం ఒక్కరికీ గుర్తు రాలేదు. వాచ్‌మన్ మహేందర్ ఆ గ్రూపులో లేడు. ఆ మూల గదిలో అతని భార్య మమత ఉంది, ఇంకా పేరైనా పెట్టని వాళ్ళ ఆడపిల్ల ఉంది, పురుడు చెయ్యడానికి జనగామ వైపునుంచి వచ్చిన మమత అత్త లచ్చమ్మ ఉంది. ఆ పొద్దున మహేందర్‌ను కార్లు బయటికి తీయించే పనికి పంపారు.

మందువాళ్ళు ఆ గది తలుపు కొట్టి, "ఏం కాదు, లోపలే ఉండండి" అన్నారట. లచ్చమ్మ లోపలే ఉండిపోయింది. బాలింతకు గాలి తగలకూడదని అప్పటికే కిటికీ సందుల్లో పాత చీరముక్కలు కుక్కింది. మనవరాలికి నీళ్ళు పోసి, ఒళ్ళంతా నూనె అద్ది, గోడవార బొంత మీద పడుకోబెట్టింది. గోడ అవతల పోసిన మందు నేల పగుళ్ళలోంచి ఊరి బొంతలోకి దిగింది. తడి తగిలితే పిల్ల ఉచ్చ పోసిందనుకున్నారు. పైన గుడ్డ ఒకటి మార్చి, మళ్ళీ అక్కడే పడుకోబెట్టారు.

మధ్యాహ్నం మమతకని వెల్లుల్లి కారం కొట్టి కిందికి తీసుకెళ్ళాను. తలుపు తెరిచేసరికి ఘాటు గుప్పున ముక్కుకు కొట్టింది. మమత తల పట్టుకుని వాంతి చేసుకుంటోంది. లచ్చమ్మ గుప్పిట్లో ఉప్పు పట్టుకుని పిల్ల చుట్టూ తిప్పుతోంది.

"సూడమ్మా, పొల్ల గిట్ల కొట్టుకుంటున్నది. ఎవలదో దిష్టి తగిలినట్టున్నది" అంది.

చూశాను. పిల్ల చేతులూ కాళ్ళూ ఎగిరెగిరి పడుతున్నాయి. కళ్ళు పైకి తేలిపోయాయి. దిష్టి కాదు, పదండి పదండి అని అరుస్తూ బొంత అక్కడే వదిలేసి, అందర్నీ మా కారెక్కించాను. అరుపులు విని పరుగెత్తుకొచ్చిన మహేందర్ ఏడుస్తూనే నడిపాడు.

ఆస్పత్రిలో పిల్లల డాక్టరమ్మ అడిగిన మొదటి మాట, "ఏం మందు?"

"చెదల మందండీ."

"చెదల మందుల్లో చాలా రకాలున్నాయమ్మా. ఒకదానికి చేసే వైద్యం ఇంకోదానికి చెయ్యకూడదు. ఫిట్స్ ఆపడానికి ఇస్తున్నాను గానీ, పేరు తెలియకుండా ముందుకు వెళ్ళలేను. త్వరగా కనుక్కోండి."

మూర్తిగారికి ఫోన్ చేశాను. విషయం విని, "అయ్యయ్యో, పాపం" అన్నారు. ఆ తర్వాత నసిగారు. "పేరంటే... ఇలాంటివి ఫోన్లో చెప్తే రేపు మాటొస్తుందండీ. కమిటీతో ఒకసారి మాట్లాడి చెప్తాను."

"పసిగుడ్డు కళ్ళు తేలేస్తుంటే కమిటీ ఏమిటయ్యా నీ మొహం! నోరు తెరిచి పేరు చెప్పు!"

ఫోన్ పెట్టేశాడు. ఆ మనిషికి ఇక 'గారు' తగిలించను, ఏమనుకుంటే అనుకోండి.

అదే గ్రూపులో గొంతు రికార్డు చేసి పెట్టాను. "అమ్మా, అయ్యా, మీ అందరి ఇళ్ళ కిందా పోసిన మందు వల్ల మహేందర్ కూతురు ఆస్పత్రిలో చావుబతుకుల్లో ఉంది. దాని పేరు మన ప్రెసిడెంటుకు తెలుసు, చెప్పడు. మీలో కడుపుతో ఉన్నవాళ్ళున్నారు, చంటిపిల్లల తల్లులున్నారు. వెళ్ళి ఆయన తలుపు కొట్టండి."

ఎవరూ కొట్టాల్సిన పని లేకపోయింది. మూర్తి కోడలు రసజ్ఞే ఫోన్ చేసింది. ఆ పిల్లకు ఏడో నెల. ఏడుస్తూ, "లిండేన్ అట ఆంటీ. మావయ్యగారి ఫోన్ లాక్కుని ఆ మందువాడికి నేనే చేశాను" అంది. చల్లగా ఉండాలి తల్లీ అనుకున్నాను.

సాయంత్రానికి ఫిట్స్ ఆగాయి. పిల్ల బతికింది. డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది.

"ఈ మందును నిషేధించి చాలా ఏళ్ళయిందమ్మా. ఇది తొందరగా పోయేది కాదు. మట్టిలో ఉండిపోతుంది, ఒంట్లోకి వెళ్తే కొవ్వులో దాక్కుంటుంది. తల్లిపాలల్లోకి దిగుతుంది. పాలు పరీక్షకు పంపాం. ఫలితం వచ్చేదాకా పిల్లకు పట్టొద్దు."

"పిల్ల ఇకముందు బాగుంటుందా అండీ?"

"నరాల మీద దెబ్బ తగిలింది. ఎదిగేకొద్దీ చూడాలి. ఇప్పుడే మాటివ్వలేను."

నేనేం చెప్పను ఆ తల్లికి? రొమ్ములు సలుపుతుంటే, కళ్ళ నీళ్ళు కారుతుంటే, మమత స్టీలు గ్లాసులోకి పాలు పిండుకుంటోంది. పక్క మంచం మీద పిల్ల ఆకలికి గుక్కపట్టి ఏడుస్తోంది. అలాంటప్పుడు దిగబడ్డాడు మూర్తి. చేతిలో డబ్బాపాలు, వెనక రసజ్ఞ. పిల్ల ఒంటికి నూనె ఉండడంతో మందు ఇంకా ఎక్కువ ఇంకిందని డాక్టరమ్మ చెప్పిన ముక్క ఎవరు మోశారో, ఆయన చెవిన పడింది.

"చూడమ్మా, నా చిన్నప్పుడు ఇలాంటి మందుల్నే చేలల్లో చేత్తో చల్లేవాళ్ళం. నాకేమైంది? నిక్షేపంలా ఉన్నాను" అన్నాడు. "తలుపులు బిడాయించుకుని, పసిపిల్లకు నూనెలు పూసి... ఇవన్నీ మూఢాచారాలు. మందుదేముంది? ఆ కొంచెం పాలల్లో ఉన్నా ఏం కాదు. ఇక దీన్ని పెద్దది చెయ్యకండి."

మూల కూర్చున్న లచ్చమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. "నేనే సంపుకుంటినా అమ్మా నా మనుమరాలిని?" అని నన్ను అడిగింది.

"నువ్వా? నువ్వు పిల్లకు నూనె రాశావు లచ్చమ్మా. మీ అమ్మ నీకు రాసింది, మా అమ్మ నాకు రాసింది. ఈయన్ని కన్న మహాతల్లి కూడా రాసే ఉంటుంది! విషం తెచ్చి పోయించినవాడికి లేని తప్పు నీకెక్కణ్ణుంచి వచ్చింది? సిగ్గుండాలయ్యా మూర్తీ, సిగ్గుండాలి!" వార్డంతా వినబడేలా అరిచాను. నర్సు పరుగెత్తుకొచ్చింది. రానీ, నాకేం.

మమత మాత్రం గొంతు పెంచలేదు. గ్లాసు పట్టుకుని మంచం దిగి, ఆయన ముందుకు వచ్చి నిలబడింది.

"ఏం గాదంటున్నరు గద సారూ. మా బిడ్డకు మీరు డబ్బపాలు తెచ్చిండ్రు, మంచిది. గీ పాలు మీరు తీస్కపోండ్రి. అక్క కాన్పయినంక మీ మనుమనికి తాపుండ్రి."

గ్లాసు చాచి పట్టుకుంది. మూర్తి గ్లాసు వంక చూడలేక డబ్బా ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. వెనక రసజ్ఞ రెండు చేతులూ పొట్టకు అడ్డం పెట్టుకుని, గోడకు తగిలేదాకా వెనక్కి జరిగింది.

"అక్కకు సమజైంది సారూ" అంది మమత.