దగ్గరబాబు ఓడిన వరస

ఇటు జరుగు తల్లీ, నా పక్కనే కూర్చో. నా చెవుల సంగతి తెలుసుగా, నువ్వు ఊఁ కొడితే నాకు వినబడాలి.

మా తమ్ముడు టెలిఫోన్ తీగలు వేసే కంపెనీలో పని చేసేవాడు. అందరూ వాణ్ణి ‘దగ్గరబాబు’ అనేవారు. ఒక గది నుంచి దగ్గరి గదికి, అక్కణ్ణుంచి ఇంకా తీగ అందనివాటిలో దగ్గరిదానికి, అలా అన్నీ చుట్టి చివరికి మొదటి గదికే తెచ్చి కలపడం వాడి పద్ధతి. చుట్టులో ఒకచోట తెగినా రెండోవైపు నుంచి మాట అందుతుంది. పెళ్లి కూడా పక్కింటి పిల్లనే చేసుకున్నాడని మేమంతా ఆటపట్టించేవాళ్లం.

ఒక పెద్ద ఆసుపత్రి పని మొదటిసారి వాడి చేతికొచ్చింది. పై అధికారిణి మెచ్చుకుంటే ఉద్యోగం ఖాయం, లేదంటే ఇంటికే. ముందురోజు వంటింటి నేల మీద ఉల్లిపాయలు చల్లి, ఒక్కోటీ ఒక్కో వార్డనుకుని, వాటి చుట్టూ దారం వేశాడు. ఎన్నిసార్లు చల్లినా దారం పొదుపుగానే సరిపోయింది.

“చూశావా అక్కా! తిరుగులేదు.”

“కాలు పెట్టే చోటు కూడా లేదు,” అంటూ మరదలు చీపురుతో ఉల్లిపాయల్ని గోడవారకు నెట్టేసింది. అవి వరసగా ఆగాయి. మధ్యలో దగ్గరగా, చివరలకు పోయేకొద్దీ రెట్టింపుకి మించిన ఎడంగా.

వాడు నవ్వుతూ మధ్యదాని నుంచి దారం మొదలెట్టాడు. దగ్గరిది కుడివైపుంది. అక్కణ్ణుంచి చూస్తే కుడివైపు తర్వాతిదాని కన్నా, వెనక్కి ఎడమవైపున్నదే దగ్గర. మళ్లీ కుడికి, మళ్లీ ఎడమకి. దారం మీదే దారం పడుతూ, సగం పనికే దారపుండ ఖాళీ అయిపోయింది.

“ఏమండీ, తీగ వేస్తున్నారా, ఉయ్యాల ఊపుతున్నారా?” అంది మరదలు.

వాడు లేచి నిలబడ్డాడు. “అక్కా, ఆ ఆసుపత్రి గదులు కూడా ఒకే వరండాలో ఇలాగే ఉన్నాయి. ఇలా వేస్తే తీగలన్నీ వరండా వెంట తవ్వే ఒకే గోతిలో పడతాయి. ఒక్క గునపం పోటుకి అన్నీ తెగుతాయి.”

“మీ అధికారిణికి చెబుతావట్రా?”

“నేను చెప్పకపోతే ఆ గునపమే చెబుతుంది.”

మర్నాడు తన పద్ధతి గెలిచే చోటుతో పాటు చిత్తుగా ఓడే చోటు కూడా ఆవిడకి గీసి చూపించాడట.

“మరి ఇక్కడేం చేస్తావు?” అని అడిగిందట ఆవిడ.

“పోయే తీగ వరండా వెంట ఈ చివర నుంచి ఆ చివరకి, తిరిగొచ్చే తీగ భవనం వెనకగోడ వెంట, మేడమ్. రెండూ ఒక గోతిలో పడవు.”

ఆవిడ ఆ గీత మీదే సంతకం పెట్టి, వాణ్ణి పనిలో ఉంచుకుంది.

ఇది మరిచిపోకు తల్లీ. రేపు నీ వాళ్లకి చెప్పేటప్పుడు, ఉద్యోగం నిలిచిందని చెప్పి ఊరుకోకు. ఆ వరసలో ఎలా ఓడాడో, దారంతో చూపించి మరీ చెప్పు.