గుడ్ల అట్టలో పదకొండు స్క్రూలు

ఆ ఇంటాయనకు యంత్రాలను బాగుచేసే విద్య ఒకటే తెలుసు: వీపు మీద రెండు వేయడం. రిమోట్ మొరాయించినా అదే మందు, గడియారం ఆగినా అదే మందు. పెళ్లినాటి మిక్సీ ఇంకా తిరుగుతోందంటే అది దాని మంచితనమే కానీ ఆయన హస్తవాసి కాదని ఇల్లాలి అభిప్రాయం.

అంతటి వైద్యుడు ఆ ఉదయం కూతురి లాప్‌టాప్ ముందు చేతులు కట్టుకు నిలబడి, "దుప్పట్లో పెట్టుకుని వాడితే చావదూ?" అన్నాడు.

కూతురు ఎనిమిది నెలలు కూర్చుని రాసిన థీసిస్ దాంట్లోనే ఉంది. సాయంత్రం నాలుగులోగా కాలేజీకి పంపాలి. విడిగా దాచుకున్న కాపీ రెండు నెలల పాతది. ఛార్జరు దీపం వెలుగుతోంది, వేరే ప్లగ్గులో పెట్టి చూసింది, బటన్ అర నిమిషం నొక్కిపట్టింది. ఉలుకూ పలుకూ లేదు. రిపేరు షాపతను రెండు రోజులు పడుతుందన్నాడు.

అప్పుడు ఇల్లాలి అత్తగారు ఖాళీ గుడ్ల అట్టతో వచ్చింది. ముప్పై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసిన మనిషి. గుడ్ల అట్ట పారేస్తే ప్రాణం పోయినట్టు చూస్తుంది. కోడలు వాటిని చాటుగా చెత్తబుట్టకు చేర్చడం ఆ ఇంట్లో ఏళ్లుగా సాగుతున్న యుద్ధం.

"నాకు చూపు ఆనదు. చేతులు నీవి, మాట నాది," అంది కోడలితో. "ముందు ఛార్జరు పీకు. గాజులు తీసెయ్. వెళ్లి కిటికీ ఇనప ఊచని ఓసారి ముట్టుకుని రా. ఒంట్లో కాస్త కరెంటు ఉంటుంది, మనకి తెలీదు గానీ దానికి తెలుస్తుంది."

స్క్రూలు పదకొండు. కొన్ని పొట్టి, కొన్ని పొడుగు. ఏది ఎక్కడిదో పెన్సిలుతో అంకె వేసి, ఒక్కోదాన్ని ఒక్కో గుంటలో పెట్టించింది. అడుగు మూత తెరవగానే, "బ్యాటరీ ఉబ్బిందేమో చూడు. ఉబ్బితే ఇక్కడితో సరి, దాంతో ఆటలొద్దు," అంది. పలకలా చదునుగా ఉంది. దాని తీగను మెల్లగా ఊడదీసిన తర్వాతే మిగతా వాటి మీద చేయి వేయనిచ్చింది.

కోడలు వంగి చూసి, అలాగే ఉండిపోయింది. వెంట్రుక కన్నా సన్నని బంగారు గీతలు పక్కపక్కనే పరుగెత్తుతూ, మలుపు దగ్గర అన్నీ కలిసి తిరుగుతూ, ఒకదాన్నొకటి తాకకుండా పోతున్నాయి. ఆవగింజలో సగం లేని ముక్కలు వరుస తప్పకుండా నిలబడి ఉన్నాయి. ఇన్నేళ్లుగా వంటింటి అరలు సర్దుతున్న తనకు సర్దడమంటే ఏమిటో ఇప్పుడే తెలిసినట్టనిపించింది. కూతురి ఎనిమిది నెలలూ వేలెడంత ముక్కలో నిద్రపోతున్నాయి.

"మా ఎక్స్ఛేంజిలో దీనికి మేడంతా కావలసొచ్చేది," అంది అత్తగారు, పసిబిడ్డ నిద్రలేస్తుందేమో అన్నంత నెమ్మదిగా.

మెమరీ పలక ఒక కొస పైకి లేచి ఉంది. కోడలు చెబితే ముసలావిడ వేలితో తడిమి చూసింది. "ఇది దానంతటది లేవదు. గట్టి దెబ్బే తగిలింది."

ఇంటాయన ఉన్నట్టుండి తలెత్తి ఫ్యాను రెక్కల దుమ్ము పరిశీలించసాగాడు.

పలకను రెండు పక్కలా టక్కుమనేదాకా నొక్కి, బ్యాటరీ తగిలించి, అట్టలోని వరుసలోనే స్క్రూలు బిగించి, ఛార్జరు పెట్టి బటన్ నొక్కారు. ఏమీ లేదు. కోడలు మళ్లీ నొక్కబోయింది.

"ఆగు. తేరుకోనీ."

చిన్న తెల్లని దీపం. వెనకాలే ఊపిరిలాంటి గాలి ఆమె వేళ్లకు తగిలింది. తెర వెలిగింది.

మూడు ఇరవైకి థీసిస్ వెళ్లింది. కోడలు గుడ్ల అట్టను తీసుకెళ్లి తన చేత్తోనే బీరువా మీద దాచింది. తిరిగొచ్చేసరికి భర్త కూతురి కుర్చీ పక్కన నిలబడి ఉన్నాడు.

"నిన్న నువ్వు బజారుకెళ్లినప్పుడు తెర కదల్లేదమ్మా," అన్నాడు నేల చూస్తూ. "రెండు వేశాను. దుప్పటీ కాదు, ఏం కాదు. తప్పు నాదే."