ఎనిమిదో పంక్తి

ఉదయం పదకొండూ ఇరవైకి, మందుల లేబుళ్లు అచ్చువేసే ఆఫీసులో, వాటర్ కూలర్ పక్కన నిలబడి, ఇద్దరు ఆడవాళ్లు ఒక దగ్గు మందు లేబుల్‌ని సరిచూసి సంతకాలు పెట్టారు. అది రెండేళ్లలోపు పిల్లలకిచ్చే మందు.

సరిచూడటానికి అక్కడ ఒక పద్ధతి ఉంది. మందుల కంపెనీ పంపిన అసలు కాగితాన్ని ఒకరు పైకి చదవాలి. రెండోవారు ప్రూఫు పట్టుకుని, విన్న ప్రతి పంక్తికీ టిక్ పెట్టాలి. తలుపు మూసిన గదిలో జరగాల్సిన పని. ఆ గదిలో ఫ్యాన్ పాడై రెండు నెలలైంది. అప్పటినుంచి ఈ చదవడం కూలర్ దగ్గరికి మారింది.

చదివేది అందరూ పెద్దక్క అని పిలిచే సీనియర్. వచ్చే నెల ఆమె రిటైర్‌మెంట్. టిక్ పెట్టేది ఆమె కింద మూడేళ్లుగా చేస్తున్న చెకర్. ఏడో పంక్తి దగ్గర స్టోర్ కీపర్ సీసా నింపుకోవడానికి వచ్చాడు. తన బావమరిది ఇల్లు మారుతూ సామానంతా లారీకెక్కించి, అత్తగారిని మాత్రం పాత ఇంట్లోనే వదిలేసి వచ్చాడని చెప్పాడు.

"మరిచిపోయాడా, పీడా పోయిందనుకున్నాడా?" అంది పెద్దక్క.

ముగ్గురూ నవ్వారు. సీసా నిండింది, అతను వెళ్లాడు. చదవడం సాగింది.

పన్నెండింటికి చెకర్‌కి అనుమానం వచ్చింది. ఎనిమిదో పంక్తి మోతాదు. సీసాలో నీళ్లు పడ్డ చప్పుడు గుర్తుంది, అంకె విన్నట్టు గుర్తులేదు. పెద్దక్క సీటు దగ్గరికి వెళ్లింది.

"అక్కా, మోతాదు చదివావా?"

"చదవకేం? నువ్వే టిక్ పెట్టావుగా."

"పెట్టాను. వినలేదేమోనని..."

"సంతకాలయ్యాక ఏంటే ఇది? కొరివితో తల గోక్కుంటావా?" పెద్దక్క గొంతు తగ్గించింది. "ఇంక ఇరవై రోజులే నాకు."

చెకర్, ఆఫీసు వెనకనున్న ప్రెస్సులోకి వెళ్లి, పది నిమిషాలు మెషీన్ ఆపమంది. ఎవరు చెప్పారని ఫోర్‌మన్ అడిగాడు. తానే చెబుతున్నానంది. అతను ఆపి, రెండు పెట్టెల లేబుళ్లు అప్పటికే కంపెనీకి వెళ్లాయని చెప్పాడు.

ఆమె తిరిగొచ్చేసరికి పెద్దక్క ఫైలు తీసి బల్ల మీద పెట్టి ఉంచింది. అసలు కాగితంలో రెండున్నర మిల్లీలీటర్లు. ప్రూఫులో ఐదు. పెద్ద పిల్లల పాత లేబుల్ మీదే కొత్తది తయారుచేశారు, ఆ ఒక్క అంకె మార్చలేదు.

పన్నెండూ ఇరవై ఐదుకి చెకర్ కంపెనీ గోదాముకి ఫోన్ చేసి, తన పేరు, తప్పు చెప్పింది. ఒక పెట్టె విప్పారని, లేబుళ్లు అంటిస్తున్నారని గుమాస్తా అన్నాడు. ఆపించి, లెక్క చూసి చెబుతానన్నాడు. పెద్దక్క కుర్చీ లాక్కుని ఫోన్ పక్కన కూర్చుంది. కూలర్ దగ్గరికి వచ్చినవాళ్లు వీళ్లను చూసి నీళ్లు పట్టుకుని వెళ్లిపోయారు.

ఒంటిగంటా పదిహేనుకి ఫోన్ మోగింది. నూటపన్నెండు సీసాలకు అంటించారు. నూటపన్నెండూ గోదాములో బల్ల మీదే ఉన్నాయి.