పక్కింటాయన్ని చూపించిన కమీషను

తన ఇల్లు కొంటున్న పార్టీ ఎవరో శాంతికుమార్‌కి తెలిసేసరికి అగ్రిమెంటు కాగితం టైపై వచ్చేసింది. అడ్వాన్సు డబ్బు బ్రోకరు బుల్లియ్య చేతిసంచిలో ఉంది. సువార్తమ్మ కాఫీ కూడా కలిపేసింది. అప్పుడు గేటు తీసుకుని లోపలికి వచ్చినాయన పక్కింటి వేంకటరమణ మాస్టారు.

శాంతికుమార్ సామర్లకోట స్టేషన్లో పార్సిల్ ఆఫీసు క్లర్కు. భార్య సువార్తమ్మకి హెడ్ నర్సుగా ప్రమోషనిచ్చి కాకినాడ వేశారు. ఏడాదిపాటు బస్సులో వేలాడి, ఇక నావల్ల కాదని ఆవిడ కాకినాడలో చర్చి పక్క వీధిలో ఓ ఇల్లు చూసి, మొగుడికి చెప్పీ చెప్పకుండా అడ్వాన్సు ఇచ్చేసింది. ఇక్కడిది అమ్మితేగానీ అక్కడిది చేతికి రాదు. అందుకని బుల్లియ్యని పిలిచారు.

బుల్లియ్య అంతకుముందు రావులపాలెం అరటి మార్కెట్లో వేలం పాటలు పాడేవాడు. "గెలకీ ఇంటికీ పెద్ద తేడా లేదండి, మగ్గిపోయేలోపు వదిలించుకోవాలి," అనేవాడు. సెల్‌ఫోన్లు కొత్తగా వచ్చిన రోజులు. బుల్లియ్య ఒకటి కొని చొక్కా జేబులో పైకి కనపడేలా పెట్టుకున్నాడు గానీ దాంట్లో మాట్లాడి ఎరగడు. శాంతికుమార్ ఇంట్లో ఫోను రెండుసార్లు మోగి ఆగిపోతే, బుల్లియ్య పార్టీని తీసుకుని మోపెడ్ మీద బయల్దేరాడన్నమాట. అమ్మిన వాళ్ళ దగ్గర రెండు శాతం, కొన్న వాళ్ళ దగ్గర రెండు శాతం, రిజిస్ట్రేషన్ రోజున చేతిలో పెట్టాలి. ఆ మాట మొదటి రోజే చెప్పాడు. శాంతికుమార్ సరేనన్నాడు. అమ్ముడుపోయేదాకా ఎవరైనా సరేనంటారు.

నాలుగు నెలలు పార్టీలు వచ్చాయి, పోయాయి. ఒకాయన బావి ఈశాన్యంలో లేదన్నాడు. ఒకావిడ సువార్తమ్మ పెట్టిన జంతికలు తిని, పిండి పాళ్ళు అడిగి తెలుసుకుని, ఇల్లు సంగతి మర్చిపోయి వెళ్ళిపోయింది. ఇంకొకాయన రైళ్ళ మోత బాగా వినపడుతోందన్నాడు. "అదే కదండీ సుఖం, గడియారం కొనక్కర్లేదు," అన్నాడు బుల్లియ్య. ఆయన చేతికున్న గడియారం చూసుకుంటూ వెళ్ళిపోయాడు.

చివరికి ఓ రోజు ఫోను రెండుసార్లు మోగి ఆగింది. బుల్లియ్య ఒక్కడే వచ్చాడు.

"పార్టీ దొరికిందండి. మీరడిగిన రేటే. ఇల్లు చూడక్కర్లేదన్నారు."

"చూడకుండా కొనేవాడు ఎవడయ్యా?"

"చూశారండి."

"ఎప్పుడు?"

"రోజూ చూస్తారండి."

శాంతికుమార్‌కి అది వేళాకోళంగా తోచింది. పేరేమిటని గుచ్చి అడిగితే బుల్లియ్య, "అడ్వాన్సు రోజున మీరే చూస్తారు కదండీ," అని కాఫీ తాగి వెళ్ళిపోయాడు.

అలా వచ్చిన పార్టీ ఇప్పుడు ఎదుటి కుర్చీలో కూర్చుని ఫ్యాను వైపు చూస్తున్నాడు.

మాస్టారిది కోనసీమ. ఇక్కడ హైస్కూల్లో లెక్కలు చెబుతారు. ఆయనతో శాంతికుమార్‌కి తొమ్మిదేళ్ళుగా మాటల్లేవు. కారణం ఒక సన్‌షేడ్. శాంతికుమార్ మేడ మీద గది వేసినప్పుడు వెనక కిటికీ పైన వేసిన సన్‌షేడ్ ప్రహరీ గోడ దాటి అవతలికి జానెడు పోయింది. వాన వెలిసిందని మాస్టారి భార్య కనకవల్లి వడియాలు బయట పెడితే, సన్‌షేడ్ మాత్రం ఇంకో గంట వెలిసేది కాదు. చుక్క, చుక్క, సరిగ్గా వడియాల మీద. మాట మీద మాట పెరిగింది. నీ గాలి నువ్వు పీల్చుకో, నా గాలి నేను పీల్చుకుంటా అన్నదాకా పోయి ఆగింది. అప్పట్నుంచీ ఇద్దరూ ఒకే వీధిలో ఒకరికొకరు కనపడకుండా నడవడం నేర్చుకున్నారు.

"గేటు తాళాలు ఎన్ని సెట్లున్నాయో కనుక్కోండి," అన్నారు మాస్టారు ఫ్యానుతో.

"రెండని చెప్పండి," అన్నాడు శాంతికుమార్ గోడ మీది క్యాలెండరుతో.

"రెండండి," అన్నాడు బుల్లియ్య.

"కరెంటు బిల్లు బాకీలు లేవు కదా?"

"మేం బాకీ పెట్టే మనుషులం కాదని చెప్పండి."

"లేవండి," అన్నాడు బుల్లియ్య. అలా ముప్పావు గంటలో పని ముగిసింది. సంతకాలయ్యాయి. డబ్బు చేతులు మారింది. మాస్టారు కాఫీ తాగకుండానే లేచారు గానీ, బుల్లియ్య అదోలా చూసేసరికి కూర్చుని తాగారు.

మర్నాటి పొద్దున్న శాంతికుమార్ పళ్ళు తోముకుంటూ ఆలోచనలో పడ్డాడు. బుల్లియ్య ఏం చేశాడు? ఊరంతా గాలించి పక్కింటాయన్ని పట్టుకొచ్చాడు. దానికి రెండు శాతం. పార్సిల్ ఆఫీసులో ఇదే స్టేషన్ నుంచి ఇదే స్టేషన్‌కి ఎవరైనా పార్సిల్ బుక్ చేస్తే రవాణా ఛార్జీ వసూలు చేస్తామా?

ఈ పోలిక తనకే ఎంతో నచ్చింది. నోట్లో నురగతోనే వంటింట్లోకి వెళ్ళి సువార్తమ్మకి చెప్పాడు.

"బుల్లియ్య మోసుకొచ్చింది తొమ్మిదేళ్ళు పట్టు వదలని మనిషిని," అంది సువార్తమ్మ. "మీవల్ల అయ్యిందా? ఒప్పుకున్నది ఇచ్చెయ్యండి."

ఆవిడకి లెక్కలు తెలియవనుకుని శాంతికుమార్ పెరట్లోకి వచ్చాడు. గోడ అవతల దగ్గు వినపడింది. మాస్టారి దగ్గు తనకు కొత్త కాదు, కానీ ఇది ఏదో అడుగుతున్నట్టుంది. తనూ దగ్గాడు. అవతల మళ్ళీ దగ్గారు. ఆ తర్వాత గోడ మీదుగా మాస్టారి తల లేచింది.

"మీ దగ్గర కూడా రెండు శాతమేనా అండి?" అన్నారు. తొమ్మిదేళ్ళలో మొదటి మాట అది.

"రెండేనండి మాస్టారూ."

"అంటే మొత్తం నాలుగు. ఒక గోడకి."

"నేనూ అదే అనుకుంటున్నానండి."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకే మనిషికి డబ్బు ఎగ్గొట్టాలనుకోవడంలో ఇంత ఆత్మీయత ఉంటుందని శాంతికుమార్‌కి అంతవరకూ తెలియదు. అరగంటలో కనకవల్లి గోడ మీదుగా పెసరట్లు అందించింది. సాయంత్రం సువార్తమ్మ చేపల పులుసు గిన్నె తీసి, వాళ్ళు తినరని గుర్తొచ్చి, జంతికలు పంపింది.

ఆదివారం బుల్లియ్యని పిలిపించి ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు.

"చూడండి బుల్లియ్య గారూ," అన్నారు మాస్టారు. "మేమిద్దరం ఇరుగుపొరుగు. ఇవాళ కాకపోతే రేపు మేమే మాట్లాడుకునేవాళ్ళం. మీ శ్రమ వృథా పోకూడదు గనక మీ ఆవిడకి మంచి ఉప్పాడ చీర పెడతాం."

"చీర మా ఆవిడ కట్టుకుంటుందండి. మరి నేనో?"

"పక్కింటాయన్ని చూపించినందుకు కమీషను ఎక్కడైనా ఉందా?" అన్నాడు శాంతికుమార్.

"నేను చూపించలేదండి. మీరిద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటూనే ఉన్నారు, కళ్ళు మూసుకుని. నేను కళ్ళు తెరిపించానండి. నాలుగు నెలల్నించి మాస్టారింటికి ఎన్ని సార్లు వచ్చానో ఆయన్నడగండి."

మాస్టారు ఫ్యాను వైపు చూశారు.

బుల్లియ్య గొడవ పడతాడని, నలుగురినీ పోగు చేస్తాడని ఇద్దరూ సిద్ధమై ఉన్నారు. అతను అదేమీ చెయ్యలేదు. సంచి చంకన పెట్టుకుని లేచాడు.

"అలాగేనండి. ఇక మీరూ మీరూ మాట్లాడుకోండి. బాగా మాట్లాడుకోండి," అని మోపెడ్ స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయాడు.

వాళ్ళు బాగానే మాట్లాడుకున్నారు. శాంతికుమార్ డ్యూటీ దిగి నేరుగా మాస్టారి అరుగు మీదికే వచ్చేవాడు. వేరుశనక్కాయలు వలుచుకుంటూ, పోగొట్టుకున్న తొమ్మిదేళ్ళ కబుర్లూ చెప్పుకున్నారు. మాస్టారికి ఇంత హాస్యం తెలుసని అతనెప్పుడూ అనుకోలేదు. డీఈవో నడకని ఆయన అనుకరిస్తే శాంతికుమార్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంత మంచివాణ్ణి వదిలి కాకినాడ పోవాలా అని కూడా ఒక క్షణం అనిపించింది.

ఆ చనువులోనే మాస్టారు ఒకనాటి సాయంత్రం అతని తొడ మీద చరిచి అన్నారు. "ఇప్పుడు చెబితే నవ్వుతారు. అప్పట్లో మున్సిపాలిటీ వాళ్ళొచ్చి మీ మేడ కొలిచి జరిమానా వేశారే, గుర్తుందా? వాళ్ళని రిక్షాలో ఎక్కించి తీసుకొచ్చింది నేనేనండి. వీధి చివర నేను దిగిపోయాను."

శాంతికుమార్ నవ్వాడు. పగలబడి నవ్వాడు. నవ్వుతూ తనూ బాకీ తీర్చాలనుకున్నాడు.

"మరి మీ ఇంట్లో ట్యూషన్లు చెబుతున్నారని విద్యాశాఖ ఆఫీసరు తెల్లారకుండా వచ్చి పట్టుకున్నాడే? స్టేషన్లో రైలు దిగిన ఆయనకి మీ ఇల్లు చూపించింది నేనండి. టీ కూడా నేనే ఇప్పించాను."

మాస్టారు కూడా నవ్వారు. ఇద్దరూ కాసేపు కలిసి నవ్వారు. తర్వాత మాస్టారి నవ్వు తగ్గింది.

"నాకు ఇంక్రిమెంటు ఆగిపోయిందండి," అన్నారు.

"నేను ఆ జరిమానాకి మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టానండి," అన్నాడు శాంతికుమార్. అతనూ నవ్వడం మానేశాడు.

"నీళ్ళు కారబట్టే కదా కొలిపించాను."

"నీళ్ళు కారితే నాతో చెప్పాలి. రిక్షా కట్టించుకుంటారా?"

"మీతో చెబితే వినే రకమా?"

వేరుశనగ తొక్కల మధ్య నుంచి ఇద్దరూ లేచి నిలబడ్డారు. మీ ఇల్లు నాకక్కర్లేదు, నా అడ్వాన్సు నాకు పారెయ్యండి అని మాస్టారు. పారేస్తాను, రేపే పారేస్తాను అని శాంతికుమార్. అంత గట్టిగా వేసుకున్న గేటు ఆ వీధిలో ఇంకోటి లేదు.

ఇంట్లోకి వచ్చాక అతనికి గుర్తొచ్చింది, ఆ డబ్బు కాకినాడ ఇంటాయన దగ్గరుంది. సువార్తమ్మ మొత్తం విన్నది. యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటూ, "బుల్లియ్య స్టేషన్ బయట టీ కొట్టు దగ్గర ఉంటాడు," అంది. "వెళ్ళేటప్పుడు చొక్కా మార్చుకుని వెళ్ళండి. బతిమాలే మనిషి శుభ్రంగా ఉండాలి."

టీ కొట్టు దగ్గర బుల్లియ్య అతన్ని చూసి జరిగి చోటిచ్చాడు. పక్క బల్ల మీద ఎంగిలి గ్లాసు ఒకటి ఇంకా వెచ్చగా ఉంది.

"మాస్టారు ఇప్పుడే వెళ్ళారండి," అన్నాడు బుల్లియ్య. "ఆయనకీ ఇల్లు కావాలండి. చెల్లెలు శ్రీకాకుళం నుంచి వచ్చేస్తోందంట. పక్కనే ఉంచుకోవాలని ఆశ."

"ఆ మాట నాతో అనలేదే."

"మీతో అంటే రేటు పెంచుతారు కదండీ."

శాంతికుమార్ కాదనలేకపోయాడు. టీ వచ్చింది. తాగి, గొంతు సవరించుకుని, రెండు శాతం ఇస్తానన్నాడు.

"అది ఇంటి కమీషనండి. తగువు కమీషను ఇంకో అర శాతం. ఆయన ఒప్పుకున్నారు. ఇంకోటండి, రిజిస్ట్రేషన్ అయ్యేదాకా మీరిద్దరూ మాట్లాడుకోకూడదు. దగ్గు కూడా వద్దండి."

బుల్లియ్య ఆ వారమంతా ఆ గేటుకీ ఈ గేటుకీ తిరిగాడు. ఇక్కడ వినకూడని మాటలు విన్నాడు, అక్కడ చెప్పవలసినంతే చెప్పాడు. సన్‌షేడ్ ముందు కొట్టించి తర్వాత ఇల్లు ఇమ్మని మాస్టారు పట్టుబడితే, "రెండిళ్ళూ మీవయ్యాక మీ నీళ్ళు మీ మీదే పడతాయండి. ఎవరి మీద కోప్పడతారు?" అని అడిగాడట. మాస్టారు పట్టు వదిలేశారట. బుల్లియ్యే చెప్పాడు గనక ఎంతవరకు నిజమో తెలియదు.

రిజిస్ట్రేషన్ రోజున ఆఫీసు వరండాలో బెంచీకి ఆ చివర మాస్టారు, ఈ చివర శాంతికుమార్. మధ్యలో బుల్లియ్య, మోకాళ్ళ మీద సంచి. లోపల సంతకాలూ వేలిముద్రలూ అయ్యాయి. బయటికి రాగానే సువార్తమ్మ హ్యాండ్ బ్యాగు తెరిచి, మొగుడి చేతికివ్వకుండా, బుల్లియ్య కమీషను తనే లెక్కపెట్టి ఇచ్చింది. మాస్టారూ తన వంతు ఇచ్చారు. బుల్లియ్య మళ్ళీ లెక్కపెట్టుకోకుండా సంచిలో వేసుకున్నాడు.

"చీర సంగతి మర్చిపోయారండి," అన్నాడు.

అతని జేబులో ఫోను మోగింది. దాన్ని అలాగే మోగనిచ్చి, ఆగాక, ఎవరో పార్టీ అని చెప్పి మోపెడ్ దగ్గరికి పరుగెత్తాడు. కాకినాడ బస్సు ఎన్నింటికో కనుక్కోవడానికి సువార్తమ్మ రోడ్డు మీదికి వెళ్ళింది.

బెంచీ మీద ఇద్దరే మిగిలారు. మధ్యలో బుల్లియ్య పట్టేంత ఖాళీ. శాంతికుమార్‌కి ఆ వేరుశనక్కాయల సాయంత్రాలు గుర్తొచ్చాయి. కోపం ఉంది, లేకపోలేదు. డీఈవో నడక కూడా గుర్తొచ్చింది.

"ఆ లోపలి గది తలుపు," అన్నారు మాస్టారు, ఫ్యాను లేదు గనక ఎదురుగా గోడ వైపు చూస్తూ, "వానాకాలం బిగుసుకుంటుందా అండి?"

"బిగుసుకుంటుందండి. కాస్త పైకెత్తి లాగాలి."

"పైకెత్తా?"

"ఆయ్. ఎడమ చేత్తో ఎత్తి, కుడి చేత్తో లాగండి. మొదట్లో రాదు. మీ చెల్లెలుగారికి నేనొచ్చి చూపిస్తాను," అని శాంతికుమార్ లేచి, బస్సు కోసం రోడ్డు వైపు నడిచాడు.