ఐదు దగ్గర అతికిన శ్రుతి

నేను ఒక శ్రుతి పెట్టెను. నాకు వచ్చినవి రెండే స్వరాలు: స, ప. మీట నొక్కితే చాలు, ఆపేదాకా ఆ రెండింటినే మోగిస్తూ ఉంటాను. మనుషులు నా పక్కన కూర్చుని ఏడు స్వరాలూ పాడతారు. ఎక్కడైనా తేడా వస్తే మొదట నన్నే అనుమానంగా చూస్తారు. తప్పు పాడాలన్నా కొంత సంగీతం రావాలి కదా, నాకు అంత రాదు.

బెంగుళూరులో ఒక ఇరుకు గదిలో పుట్టాను. నా కడుపులో తీగెలకు టంకం పెట్టిన అమ్మాయి ఆ రోజంతా సినిమా పాటలే కూనిరాగం తీసింది. అక్కణ్ణుంచి రాజమండ్రి చేరి, సంగీతం టీచరు రాజ్యలక్ష్మమ్మగారి చాప పక్కన పదకొండేళ్ళు కూర్చున్నాను. ఆవిడ దగ్గర నేర్చుకునే తొమ్మిదేళ్ళ కౌండిన్య మొదటి పోటీ గెలిచినప్పుడు, "నాకు తంబూరా ఉందిలేరా, దీన్ని నువ్వు తీసుకో" అని నన్ను వాడి చేతుల్లో పెట్టారు.

నా ముఖం మీద ఒక గుండ్రటి నాబ్, దాని చుట్టూ అంకెలు ఉంటాయి. అంకె పెరిగేకొద్దీ శ్రుతి పైకి పోతుంది. కౌండిన్యది ఐదు. ఆ ఐదులో వాడు పాడుతుంటే వీధిలో కూరగాయల బండి ఆగిపోయేది. బాలగాయకుడని ఫ్లెక్సీలు కట్టారు, శాలువాలు కప్పారు. ఇన్సూరెన్స్ ఆఫీసులో గుమస్తా అయిన తండ్రి ఉమామహేశ్వరం సెలవులన్నీ కొడుకు కచేరీలకే వాడేవాడు.

పద్నాలుగో ఏడు వచ్చింది. ఒక వేకువన సాధకంలో, పైస్థాయి షడ్జం దగ్గర వాడి గొంతు గరగరమంది. వాడు దగ్గి మళ్ళీ పాడాడు. ఈసారి చీలింది. చెయ్యి చాచి నన్ను నాలుగుకి దించాడు. కాస్త సుఖంగా ఉంది. పక్కగదిలోంచి తండ్రి వచ్చి ఐదుకి తిప్పేశాడు.

"జలుబురా. కషాయం తాగితే పోతుంది."

తల్లి మిరియాల కషాయం పెట్టింది. అతిమధురం నమిలించింది. ఆ గరగర పోలేదు. తండ్రి ఆఫీసుకి వెళ్ళగానే వాడు నన్ను దించడం, సాయంత్రం ఆయన వచ్చి ఎక్కించడం, నెలంతా ఇదే. రాజ్యలక్ష్మమ్మగారు ఒకరోజు ఇంటికే వచ్చి చెప్పారు.

"మగపిల్లాడు, గొంతు మారుతోంది. ఆర్నెల్లు బలవంతపెట్టకు ఉమామహేశ్వరం."

"ఇంకో నెలలో విజయవాడ పోటీ అండి. పదిహేనేళ్ళ లోపు వాళ్ళకి. గెలిస్తే డిసెంబర్లో మద్రాసులో గంట కచేరీ ఇస్తారు. ఇప్పుడు ఆపితే వీణ్ణి ఎవరు గుర్తుపెట్టుకుంటారండి?"

ఆవిడ వెళ్ళిపోయాక ఆయన జిగురు గొట్టం తెచ్చాడు. నా నాబ్‌ను ఐదు మీద సరిగ్గా నిలబెట్టి, చుట్టూ జిగురు పోసి, ఆరేదాకా వేలితో నొక్కిపట్టాడు. కౌండిన్య గుమ్మంలో నిలబడి చూశాడు. ఆ వారమంతా అన్నం సగంలోనే లేచిపోయేవాడు. నేను మాత్రం ఐదులో మోగుతూనే ఉన్నాను. ఆపమని చెప్పడానికి నాకు వేరే స్వరం ఏదీ?

పోటీ రోజు హాలు నిండిపోయింది. వయొలిన్ వాయించేది ఆముక్త, అదే టీచరు శిష్యురాలు, వీడికన్నా రెండేళ్ళు పెద్దది. పక్కవాద్యానికి వయసు పట్టింపు లేదు, దానికీ ఒక బహుమతి ఉంది. అది రాకపోతే ఇంటికి రానక్కర్లేదని ఆముక్తతో వాళ్ళమ్మ రైల్లో రెండుసార్లు అంది. మొదటిసారి నవ్వుతూ అంది, రెండోసారి నవ్వలేదు. ఆముక్త ఎడమచేతి వేళ్ళకి రెండు ప్లాస్టర్లున్నాయి. వేదిక ఎక్కే ముందు వాటిని పీకి చీరకొంగులో ముడేసుకుంది.

పాడాల్సిన రాగానికి చీటీ తీస్తే కాంభోజి వచ్చింది. పల్లవి ఎలాగో గడిచింది. అనుపల్లవిలో పైషడ్జానికి ఎక్కబోయేసరికి గొంతు పగిలి, కోడిపుంజు కూతలాంటిది బయటికొచ్చింది. వెనక వరసల్లో పిల్లలు కిసుక్కుమన్నారు. ముందు వరసలోంచి తండ్రి చూపుడువేలు పైకెత్తి, ఇంకా, ఇంకా అన్నట్టు ఆడించాడు.

కౌండిన్య చెయ్యి నా నాబ్ మీదకి వచ్చింది. గట్టిగా తిప్పాడు. జిగురు కదల్లేదు. వాడి గోరు విరిగింది.

చెయ్యి తీసేశాడు. లేచి పోతాడేమో అనుకున్నాను. వాడు కళ్ళు మూసుకుని నన్ను విన్నాడు. ఐదేళ్ళుగా నన్ను ఆనుకుని పాడినవాడు నన్ను అంత సేపు వినడం అదే మొదలు. నోరు మూసుకునే హుమ్మంటూ కిందికి దిగాడు, ఇంకా కిందికి, నా కింది ప, మంద్ర పంచమం దాకా. అక్కడ ఆగాడు.

"ఆముక్తక్కా," అన్నాడు మెల్లగా. "నీ ప నాకు స."

నేను ప అంటున్న చోటే వాడు స అంటాడన్నమాట. నన్ను ఎవరూ తిప్పనక్కర్లేదు. ఐదులోనే ఉండి వాడికి ఇంకో శ్రుతి ఇవ్వగలనని అప్పటిదాకా నాకే తెలియదు. ఆముక్త ఒక్క క్షణం తెల్లబోయి, తల్లి ఉన్న వరసవైపు చూసి, వేళ్ళు జరిపి కమాను లాగింది.

వచ్చిన గొంతు హాల్లో ఎవరికీ తెలియనిది. బొంగురుగా, కాస్త తడబడుతూ, అడుగున ఎక్కడో బరువుగా ఉంది. రెండుచోట్ల జారింది. జారిన చోట వాడు ఆగి, దాన్ని పట్టుకుని, మళ్ళీ నడిచాడు. పిల్లల నవ్వు ఆగిపోయింది. ముందు వరసలో ఎత్తిన వేలు ఒళ్ళోకి దిగింది.

న్యాయనిర్ణేతల్లో ఒకాయన గంట కొట్టాడు. "ఆధార షడ్జం మధ్యలో మార్చకూడదని నిబంధన ఉంది బాబూ."

"తెలుసండి," అన్నాడు వాడు.

ఇద్దరికీ బహుమతి రాలేదు. మెట్ల దగ్గర వాళ్ళమ్మ పిలుస్తున్నా ఆముక్త ఒక్క నిమిషం ఆగింది. "తర్వాత ఏం వాయిస్తానో నాకే తెలీలేదురా. భలే ఉంది" అని పరుగెత్తింది.

తిరుగు రైల్లో తండ్రి తలవంచుకుని కూర్చున్నాడు. గోదావరి వంతెన మీద కూడా ఆయన కిటికీవైపు చూడలేదు.

మర్నాడు ఉదయం కౌండిన్య సాధకానికి లేవలేదు. ఎండ వచ్చాక లేచి చూస్తే తండ్రి నన్ను ఒళ్ళో పెట్టుకుని స్క్రూడ్రైవరుతో జిగురు గీకుతున్నాడు. నాబ్ రెండు ముక్కలై ఊడింది. కింద సన్నటి ఇనుప కాడ మిగిలింది.

"నాకూ గొంతు పద్నాలుగో ఏటే పోయిందిరా," అన్నాడు ఆయన తలెత్తకుండా. "మా మాస్టారు ఇక రాదన్నారు. మానేశాను. అది రాలేదో, నేనే వెతకలేదో ఇప్పటికీ తెలీదు. నీదీ పోతుందని భయమేసింది."

"నువ్వు పాడేవాడివని నాకెప్పుడూ చెప్పలేదు."

"చెప్పడానికేముంది."

ఆయన నా మీట నొక్కి, ఆ కాడను ప్లయర్‌తో పట్టుకున్నాడు. "ఎంతలో పెట్టమంటావు?"

"నాకూ తెలీదు నాన్నా. తిప్పుతూ ఉండు. ఆగమంటాను."

నాలుగు. మూడు. నా గొంతు ఆయన చేతికింద సాగుతూ దిగుతోంది. ఎక్కడ ఆగుతానో నాకూ తెలియదు. వాడు గొణుగుతూ వెంట వస్తున్నాడు. రెండు దగ్గర "ఆగు" అన్నాడు. పాడాడు. తల అడ్డంగా ఊపి, "ఇంకా కొంచెం" అన్నాడు.

అది జరిగి ఎనిమిది వారాలైంది. ప్లయర్ నా పక్కనే ఉంటుంది. ఒకరోజు ఒకటిన్నర, మర్నాడు ఒకటి, ఆ మర్నాడు మళ్ళీ రెండు. నిన్న తండ్రి తానూ ఒక స కలిపి, సిగ్గుపడి దగ్గేశాడు.

"ఆపావేంటి నాన్నా?" అన్నాడు వాడు. "పాడు."